డాబా తాళం ఎవరి దగ్గరుంది?

ఖాళీగా పడి ఉన్న బిల్డింగ్‌ను చూసి రిపోర్టు రాయమని ఎవరైనా పిలిస్తే నేను ముందుగా డాబా తాళం అడుగుతాను. డ్రాయింగుల సంగతి తర్వాత. స్ట్రక్చరల్ ఇంజినీరుగా ఇరవై రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. అందులో సగానికి పైగా పాత కాంక్రీటు బిల్డింగుల చుట్టూ తిరగడంలోనే గడిచింది. ఆ తాళంచెవి ఎక్కడుందో చాలాసార్లు ఎవరికీ తెలియదు. గుత్తిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూస్తారు, ఎవరెవరికో ఫోన్లు చేస్తారు, చివరికి సుత్తి తెమ్మంటారు. తాళం పగిలేలోపే నాకు సగం సంగతి అర్థమైపోతుంది. ఆ డాబా మీదికి మనిషన్నవాడు ఎక్కి ఏళ్లు గడిచాయి.

రెండు నెలల కిందట అలాంటి పిలుపే వచ్చింది. సిటీ నడిబొడ్డున, నాలుగు రోడ్ల కూడలిని ఆనుకుని తొమ్మిది అంతస్తుల ఆఫీసు బిల్డింగ్. 1968లో కట్టింది. పదకొండేళ్లుగా ఖాళీ. ప్లాస్టరింగ్ గానీ రంగు గానీ లేని బోడి కాంక్రీటు, కిటికీల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా సన్‌షేడ్లు, కింద గోడలే లేకుండా గుండ్రటి పిల్లర్ల మీద నిలబెట్టిన వసారా. రోజూ దాని ముందు నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి అది నచ్చదు. ఇంకా ఎందుకు ఉంచారు దీన్ని అంటారు. యజమానులు ముగ్గురు. ఒకరికి కూల్చి టవర్ కట్టాలని ఉంది, ఒకరికి అమ్మేయాలని ఉంది, మూడో ఆవిడకు మాత్రం ఉంచుకోవాలని ఉంది. నన్ను పిలిచింది ఆవిడే. "ఇది నిలబడుతుందో లేదో మీరు చెప్పండి మేడమ్. మిగతాది మేం మాట్లాడుకుంటాం" అన్నారు.

తలుపు తోసేసరికి నీళ్లు. వాన వెలిసి నాలుగు రోజులైనా చీలమండల దాకా నిలిచి ఉన్నాయి. డాబా 40 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, అంటే 600 చదరపు మీటర్లు. దాని మీద పది సెంటీమీటర్ల లోతున నీళ్లంటే 60 టన్నుల బరువు. నీళ్లు పోవడానికి నాలుగు మూలలా నాలుగు పైపులు పెట్టారు. మూడు మూసుకుపోయాయి. ఒకదాని మూతి దగ్గర చెయ్యి పెట్టి తవ్వితే కుళ్లిన ఆకులు, ఒక పాలిథిన్ కవరు, పావురం ఈకలు, విరిగిన ప్లాస్టిక్ గ్లాసు వచ్చాయి. అంతా కలిపి బకెట్‌లో పావు వంతు కూడా లేదు. ఆ కాస్త చెత్త అడ్డుపడినందుకు కింద తొమ్మిదో అంతస్తు సీలింగు పెచ్చులూడింది, ఎనిమిదో అంతస్తు దాకా చెమ్మ దిగింది, లిఫ్టు గది గోడ నల్లగా బూజు పట్టింది.

ఖాళీ బిల్డింగులు ఎలా పోతాయో నన్నడిగితే ఇలాగే పోతాయి. వయసు మీరి కూలినవి నేను దాదాపు చూడలేదు. పై నుంచి నీళ్లు దిగుతాయి, అడిగేవాళ్లు ఉండరు, ఒక రోజు రోడ్డు మీద ఎవరి పక్కనో పెచ్చు పడుతుంది, అప్పుడు అందరికీ గుర్తొస్తుంది. అప్పటికి "కూల్చాలా, ఉంచాలా" అని మీటింగ్ పెడతారు. అసలు నిర్ణయం వాచ్‌మన్‌ను మాన్పించిన రోజే జరిగిపోయి ఉంటుంది. ఈ మాట రాద్దామనే చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు లోపల ఏం కనబడిందో చెప్తాను. ఎందుకంటే బయట నుంచి చూసిన దానికీ దీనికీ పొంతన లేదు.

కాంక్రీటు లోపల ఉన్న స్టీలు తుప్పు పట్టకుండా ఉండటానికి కారణం సిమెంటుకున్న క్షారగుణం. మంచి కాంక్రీటు పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం స్టీలు చుట్టూ కంటికి కనబడని సన్నని పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి పైనుంచి లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని విరిచేస్తుంది. పీహెచ్ 9 దాకా దిగితే ఆ పొర పోతుంది. ఆ తర్వాత చెమ్మ తగిలితే తుప్పే. తుప్పు అసలు ఉక్కు కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల నుంచి ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చు ఊడటమంటే ఇదే.

ఎంత లోతు దాకా విరిగిందో తెలుసుకోవడానికి చాలా తేలికైన పరీక్ష ఉంది. పిల్లర్‌లో నుంచి కొంచెం కాంక్రీటు కోసి, కొత్తగా బయటపడిన చోట ఫినాల్ఫ్తలీన్ చల్లుతాం. స్కూల్ ల్యాబ్‌లో అందరూ చూసిందే, నీళ్లలా ఉంటుంది. కాంక్రీటు ఆరోగ్యంగా ఉన్న మేరకు ముదురు గులాబీ రంగు వచ్చేస్తుంది. క్షారం పోయిన మేరకు రంగు మారదు. మూడో అంతస్తులో లోపలి పిల్లర్ మీద మా అసిస్టెంటు కుర్రాడు చల్లాడు. రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత లోపలి నుంచి గులాబీ రంగు పూసినట్టు వచ్చేసింది. అంచున ఉన్న రంగులేని పట్టీని స్కేలు పెట్టి కొలిస్తే 12 మిల్లీమీటర్లు. స్టీలు మీద కవరింగ్, అంటే దాన్ని కప్పి ఉన్న కాంక్రీటు మందం, 40 మిల్లీమీటర్లు ఉంది.

"మేడమ్, యాభై ఏళ్లు దాటినా ఇంతేనా?" అన్నాడు వాడు.

ఇంతే. పైగా ఇది ఏడాదికి ఇంత చొప్పున సాగిపోయేది కాదు, లోతుకు వెళ్లేకొద్దీ మెల్లబడుతుంది. లెక్క వర్గమూలంతో వస్తుంది. మొదటి పాతికేళ్లలో 10 మిల్లీమీటర్లు పోయిందనుకుంటే, 20 చేరడానికి మొత్తం వందేళ్లు పడుతుంది. పొడిగా ఉంచితే ఆ పిల్లర్లు నాకంటే, ఆ కుర్రాడి పిల్లల కంటే ఎక్కువ కాలం ఉంటాయి.

సన్‌షేడ్ల దగ్గర కథ వేరు. అవి చూడటానికి సన్నగా, తేలిగ్గా ఉండాలని 75 మిల్లీమీటర్ల మందంతో పోశారు. అంత సన్నటి దాంట్లో కవరింగ్ ఎంత ఉంటుంది? కొన్నిచోట్ల 12, కొన్నిచోట్ల 10. ఒక వైపు ఎండ, ఒక వైపు వాన. స్టీలు దాటి లోపలి దాకా ఎక్కడా గులాబీ రంగు రాలేదు. సుత్తితో తడితే డొల్లగా పలికింది. రోడ్డు మీది నుంచి జనం చూసేది వీటినే. పెచ్చులూడి, స్టీలు బయటపడి, తుప్పు నీళ్లు కారిన చారలతో ఉన్న సన్‌షేడ్లను చూసి బిల్డింగే పోయిందనుకుంటారు. నిజానికి చర్మం చెడింది, ఎముకలు గట్టిగా ఉన్నాయి. సన్‌షేడ్లు కోసేసి కొత్తవి పెట్టుకోవచ్చు. పిల్లర్లను అలా పెట్టుకోలేం.

మూడో అంతస్తులో మెట్ల పక్క గోడ దగ్గర కాసేపు ఆగిపోయాను. ఆ రోజుల్లో సెంట్రింగ్‌కు చెక్క పలకలు వాడేవారు. పలకల ఆనవాళ్లు కాంక్రీటులో అచ్చు దిగి ఉన్నాయి. ఒక్కో పలక వెడల్పు నా అరచేతి కంటే కొంచెం ఎక్కువ. చెక్కలోని గీతలు, ముడులు, మేకు తలలు అన్నీ తెలుస్తున్నాయి. ఒకచోట పలక పొట్టిదైనట్టుంది, అర అడుగు ముక్క అతికించాడు ఆ వడ్రంగి. ఆ అతుకు ఇప్పటికీ ఉంది. వేళ్లతో తడిమితే గీత తగులుతుంది. ఆ చెక్క ఎప్పుడో పోయింది, దాన్ని కోసిన మనిషి కూడా పోయుంటాడు. ఇంత దగ్గరకొచ్చి చూస్తే దీన్ని మొద్దు కాంక్రీటు అనడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు పాత సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక సంస్థ వాళ్ల హెడ్డాఫీసు చూడమని పంపారు. అదీ ఇలాంటిదే, ఐదంతస్తులు, ఆరేళ్లుగా ఖాళీ. గేటు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అక్కడ వాచ్‌మన్‌గా చేసి మానేసినవాడు. పక్క వీధిలోనే ఇల్లు. ఇంజినీరమ్మ వచ్చిందని ఎవరో చెప్తే వచ్చాడు. "వాన మబ్బు పడితే చాలు పైకెళ్లి పైపుల్లో ఆకులు తీసేవాణ్ణమ్మా. పన్నెండేళ్లు తీశాను. ఖాళీ బిల్డింగుకి వాచ్‌మన్ ఎందుకని జీతం ఆపేశారు. రెండు వానాకాలాలు జీతం లేకుండానే తీశాను. తర్వాత తాళం మార్చేశారు" అన్నాడు. ఆ మాట రిపోర్టులో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. రాయలేదు. "ప్రస్తుత స్థితిలో వినియోగానికి సురక్షితం కాదు, పైకప్పు మరమ్మతులు తక్షణం అవసరం" అని రాశాను. అందులో ప్రతి అక్షరం నిజమే. కానీ నోటీసులోకి ఎక్కేసరికి "వినియోగానికి సురక్షితం కాదు" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. ముందున్న "ప్రస్తుత స్థితిలో" పోయింది, వెనకున్న మరమ్మతుల మాట పోయింది. ఎనిమిది నెలల్లో కూల్చేశారు. కొత్తది కట్టడానికి డబ్బు కుదరలేదు. ఆ స్థలం చుట్టూ రేకులు కట్టి కార్లు పెట్టుకుంటున్నారు. ఇన్నేళ్లయినా అలాగే ఉంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు ఆ పెద్దాయన మాటే గుర్తొస్తుంది. ఆ తర్వాత నేను రాసిన ఏ రిపోర్టులోనూ "సురక్షితం కాదు" అన్నచోట ఆపలేదు. ఏం చేస్తే సురక్షితమవుతుందో, దానికి ఎన్ని రోజులు పడుతుందో అదే వాక్యంలో, కత్తిరించడానికి వీల్లేకుండా రాస్తున్నాను.

ఇదేదో మా చుట్టుపక్కలే జరిగే సంగతనుకునేదాన్ని. తర్వాత చదివేకొద్దీ ప్రపంచమంతా ఇదే వరస కనబడింది.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయం గురించి ఆర్కిటెక్చర్ చదివినవాళ్లందరూ వినే ఉంటారు. 11 అంతస్తుల బ్లాకులు 33. మినోరు యమసాకి డిజైన్. 1950ల మధ్యలో పూర్తయ్యాయి, 1972లో పేల్చడం మొదలుపెట్టారు. ఆ పేలుడు ఫోటో చూపించి, ఆధునిక వాస్తుశిల్పం చచ్చిపోయిందని చెప్పడం ఒక ఆనవాయితీ అయిపోయింది. కానీ అక్కడి లెక్క చూడండి. మెయింటెనెన్స్ ఖర్చు అద్దెల్లోంచే రావాలి. జనం ఖాళీ చేసేకొద్దీ అద్దె తగ్గింది, అద్దె తగ్గేకొద్దీ లిఫ్టులు, పైపులు బాగుచేసే దిక్కు లేదు, అవి చెడేకొద్దీ ఇంకొందరు ఖాళీ చేశారు. డిజైన్‌లో తప్పులు లేవని నేననను, ఉన్నాయి. ఆ నగరమే జనాన్ని కోల్పోతున్న రోజులవి. కానీ డబ్బు ఎండిపోయే ఏర్పాటుతో ఎంత అందమైన బిల్డింగ్ అయినా నిలబడదు.

టోక్యోలో నకగిన్ క్యాప్సూల్ టవర్ చూడండి. కిషో కురొకావా కట్టిన రెండు టవర్లు, వాటికి తగిలించిన 140 గదులు. 1972 నాటిది. ఆ గదుల్ని పాతికేళ్లకోసారి విప్పి కొత్తవి పెట్టాలన్నది అసలు ఆలోచన. ఒక్కసారి కూడా పెట్టలేదు. గదులు వేర్వేరు మనుషుల సొంతం, అందరూ కలిసి డబ్బు వేసుకోవాలి, అది కుదరలేదు. నీళ్లు కారాయి, ఆస్‌బెస్టాస్ ఉందన్నారు. 2022లో విప్పేశారు. 23 గదుల్ని మాత్రం కాపాడి బాగుచేశారు. మార్చుకుంటూ ఉండమని కట్టినదాన్ని మార్చకుండా వదిలేసి, పాతదైపోయిందని తీసేశారు. దీన్ని తలుచుకుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ మరీ దగ్గరి గాయం. ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్, ఇంజినీరు మహేంద్ర రాజ్. 1972 ట్రేడ్ ఫెయిర్ కోసం కట్టారు. ఇలాంటి త్రికోణాల చట్రాన్ని ప్రపంచమంతా స్టీలు గొట్టాలతో కడుతుంటే, స్టీలు దొరకడం కష్టమైన రోజుల్లో వాళ్లు కాంక్రీటుతో, ఎక్కువగా చేతిపనితో పోశారు. మధ్యలో ఒక్క పిల్లర్ లేకుండా 78 మీటర్లు. స్ట్రక్చర్ చదువుకున్న ఎవరైనా ఆ అతుకుల ఫోటో చూస్తే కాసేపు కళ్లు తిప్పుకోలేరు. కాపాడమని కోర్టు దాకా వెళ్లారు. వారసత్వ కమిటీ దగ్గర 60 ఏళ్లు నిండితేనే లెక్క. దానికి అప్పటికి 45 నిండలేదు. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి పడగొట్టేశారు. తెల్లారి ఫోటోలు చూసి ఆ రోజంతా ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఈ వయసు నిబంధన దగ్గర కాస్త ఆగాలి. అమెరికాలో చారిత్రక జాబితాలోకి ఎక్కాలంటే మామూలుగా 50 ఏళ్లు నిండాలి. నిబంధన పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, నిన్న కట్టినదాన్ని ఈ రోజు గొప్పదనకూడదు కదా. కానీ బిల్డింగ్ లోపల జరిగేది వేరు. ముప్పై, నలభై ఏళ్లకు లిఫ్టులు, పైపులు, వైరింగ్, ఏసీ ప్లాంటు అన్నీ దాదాపు ఒకేసారి మార్చాల్సి వస్తుంది. అద్దెకున్న కంపెనీ ఆ ఖర్చు చూసి ఊరి చివర కొత్త బిల్డింగ్‌కు వెళ్లిపోతుంది. అలా ఖాళీ అయ్యేది సరిగ్గా ముప్పైకీ యాభైకీ మధ్యే. కొత్తదని మెచ్చుకునేవాళ్లు ఉండరు, పాతదని కాపాడే చట్టం ఉండదు. 1960, 70ల బిల్డింగుల్లో చాలా వరకు ఆ సందులో పడి నలిగిపోయాయి.

వయసు సరిపోకపోయినా కాపాడే అధికారం ఉన్నచోట కూడా ఏం జరిగిందో షికాగో చెప్తుంది. ప్రెంటిస్ విమెన్స్ హాస్పిటల్, బెర్ట్రండ్ గోల్డ్‌బర్గ్ డిజైన్, 1975 నాటిది. నాలుగు రేకుల పువ్వు ఆకారంలో కాంక్రీటు టవర్. నర్సుల డెస్కు నుంచి ఏ గదికైనా త్వరగా చేరేలా ఆ ఆకారం వచ్చింది. 2012 నవంబర్‌లో నగర ల్యాండ్‌మార్క్ కమిషన్ దానికి తాత్కాలిక రక్షణ ఇచ్చి, అదే రోజు అదే మీటింగ్‌లో వెనక్కి తీసుకుంది. తర్వాత రెండేళ్లలో అది నేలమట్టమైంది.

జనానికి ఇవి ఎందుకు నచ్చవో నాకు తెలుసు, ఆ మాటను తోసిపుచ్చను. వాన చారలతో నల్లబడ్డ కాంక్రీటు దిగులుగానే ఉంటుంది. కింద అంతస్తులో దుకాణం లేదు, వెలుతురు లేదు, రాత్రిపూట ఆ పిల్లర్ల మధ్య నుంచి నడవాలంటే ఆడవాళ్లకు భయం. నాకూ భయమే. కొన్నింటిని కట్టడానికి అంతకుముందున్న పేదల ఇళ్లు కూల్చారు, ఆ కోపం ఇంకా చల్లారని ఊళ్లున్నాయి. వాళ్లను కూర్చోబెట్టి అందం గురించి పాఠం చెప్పడం మర్యాద కాదు. కానీ చారలు కడిగితే పోతాయి. కింద అంతస్తుకు అద్దాలు పెట్టి లైట్లు వేస్తే భయం చాలావరకు పోతుంది. ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ బస్ స్టేషన్ అలాగే బతికింది. 1969లో తెరిచారు, 2012లో అక్కడి కౌన్సిల్ కూల్చేయాలనుకుంది, 2013లో రక్షిత కట్టడమైంది. తర్వాత బాగుచేశారు, ఇప్పటికీ అందులో బస్సులే ఆగుతున్నాయి.

అన్నింటినీ ఉంచాలని నేననను. ఈ మాట చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం చేసినట్టే. సముద్రపు ఇసుక సరిగ్గా కడగకుండా వాడిన బిల్డింగులు చూశాను. ఆ ఇసుక ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీటు లోపలంతా పాకి ఉంటుంది, ఒకచోట ప్యాచ్ వేస్తే దాని పక్కన తుప్పు మొదలవుతుంది. వాటికి డబ్బు పోయడం దండగ. అంతస్తు ఎత్తు మరీ తక్కువగా ఉండి, కొత్త పైపులు వేస్తే తల తగిలేవి ఉన్నాయి. ఇంకో రకం, 1970ల చివర్లో ఏసీనే నమ్ముకుని కట్టినవి. కిటికీ నుంచి కిటికీకి 35, 40 మీటర్లు, నడిమధ్యన పట్టపగలు కూడా చీకటి. ఆఫీసు పోతే అందులో ఇళ్లు పెట్టలేం. కిటికీ వెలుతురు లోపలికి మహా అయితే ఆరేడు మీటర్లు వస్తుంది. వాటికి మధ్యలో స్లాబులు కోసి ఆకాశం తెరవాలి, అది పెద్ద ఆపరేషన్. కొన్నింటికి చేయొచ్చు, అన్నింటికీ గిట్టదు.

మన తొమ్మిది అంతస్తులది 15 మీటర్ల వెడల్పే. ఏసీ లేని రోజుల్లో గాలి అటు నుంచి ఇటు రావాలని సన్నగా కట్టారు. మధ్యలో నడవా వదిలితే రెండు వైపులా ఆరేసి మీటర్ల లోతు గదులు, ప్రతి గదికీ కిటికీ. పిల్లర్ల మధ్య ఆరు మీటర్లు, స్లాబు నుంచి స్లాబుకు మూడున్నర. ఇళ్లు పెట్టుకోండి, హాస్టల్ పెట్టుకోండి, క్లినిక్‌లు పెట్టుకోండి, ఏది అడిగినా సరే అనే చట్రం ఇది. ఈ కొలతలు యజమానుల ముందు పెట్టినప్పుడు, అమ్మేద్దామన్న ఆయన మొదటిసారి కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఆయనకే ఇంకో లెక్క చెప్పాను. ఒక్కో స్లాబు 600 చదరపు మీటర్లు, 15 సెంటీమీటర్ల మందం, అంటే 90 ఘనపు మీటర్లు. తొమ్మిది స్లాబులకు 810. ఘనపు మీటరు కాంక్రీటు రెండున్నర టన్నులు. పిల్లర్లు, బీములు, పునాదులు వదిలేసి స్లాబులే 2000 టన్నులు దాటాయి. కూల్చితే ఇదంతా లారీల్లో సిటీ మధ్య నుంచి పోవాలి, మళ్లీ అంతకంటే ఎక్కువ లారీల్లో రావాలి. ఆ స్లాబుల్లో ఉన్న సిమెంటు దాదాపు 280 టన్నులు. అంత సిమెంటు తయారీకి 200 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ప్రపంచం మొత్తం విడుదల చేసే దాంట్లో ఏడెనిమిది శాతం సిమెంటుదే. 1968లో ఆ పొగ ఎలాగూ వదిలేశాం. ఆ ఖర్చు పెట్టి సంపాదించుకున్న చట్రాన్ని పారేసి, అదే పొగ ఇంకోసారి వదలడం నాకు మింగుడుపడదు.

అయ్యే పనేనా అని ఆయన అడిగారు. ఫోన్‌లో రెండు బిల్డింగులు చూపించాను.

ఒకటి అమెరికాలో న్యూ హేవెన్‌ది. మార్సెల్ బ్రాయర్ ఒక టైర్ల కంపెనీ కోసం కట్టిన ఆఫీసు, 1970 నాటిది. పైన ఆఫీసు అంతస్తులు, కింద ల్యాబ్ భాగం, మధ్యలో ఏకంగా రెండు అంతస్తుల ఖాళీ. చూస్తే పై భాగం గాలిలో తేలుతున్నట్టుంటుంది. కంపెనీ పోయాక ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. తర్వాతి యజమాని కింది భాగంలో చాలా మేర కూల్చి పార్కింగ్ చేసుకున్నాడు. చివరికి ఒక ఆర్కిటెక్ట్ కొని, 165 గదుల హోటల్‌గా మార్చి 2022లో తెరిచాడు. గ్యాస్ లేదు, అన్నీ కరెంటుతోనే, అది కూడా చాలావరకు సోలార్ నుంచి. పాత కాంక్రీటు ముఖం అలాగే ఉంది.

రెండోది ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో గ్రాన్ పార్క్. ఇది ఖాళీ బిల్డింగ్ కాదు, 1960ల నాటి మూడు పెద్ద బ్లాకులు, 530 ఇళ్లు. ఆన్ లకాటన్, జాన్ ఫిలిప్ వాసల్ తమ జట్టుతో కలిసి, ఒక్క కుటుంబాన్నీ ఖాళీ చేయించకుండా, ప్రతి ఇంటికీ బయట వైపు 3.8 మీటర్ల లోతున అద్దాల వరండా తగిలించారు. పాత గోడ తీసి పెద్ద తలుపులు పెట్టారు. చీకటి గది ఒక్కసారిగా తోటలోకి తెరుచుకున్నట్టయింది. 2021లో ఆ ఇద్దరు ఆర్కిటెక్టులకూ వాళ్ల రంగంలో అతి పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఎప్పుడూ కూల్చొద్దు, ఉన్నదానికి కలపండి అన్నది వాళ్ల పట్టు. నేను అంత దూరం వెళ్లను, పైన చెప్పిన క్లోరైడ్ బిల్డింగులు నాకు గుర్తున్నాయి. కానీ కూల్చాలనేవాళ్లే ముందు లెక్క చూపించాలి అన్నంత దూరం మాత్రం వెళ్తాను. ఇప్పుడు తిరగేసి జరుగుతోంది. ఉంచుదామనేవాళ్లే పరీక్షలకు డబ్బు కట్టి, రిపోర్టులు తెచ్చి, ఏళ్లకేళ్లు తిరగాలి. ఈలోగా నీళ్లు దిగుతూనే ఉంటాయి.

నా రిపోర్టు పోయిన నెలాఖరున ఇచ్చాను. ముప్పై నాలుగు పేజీలు. మొదటి పేజీలో కూల్చాలా వద్దా అన్న మాట లేదు. నిర్ణయానికి ఎంతకాలం పట్టినా పట్టనివ్వండి, అప్పటిదాకా ఇవి చేయండి అని రాశాను. నాలుగు పైపులూ శుభ్రం చేసి మూతికి జాలీ పెట్టాలి. ఊగుతున్న సన్‌షేడ్ ముక్కలు దింపేసి, కింద నడిచేవాళ్ల మీద పడకుండా వల కట్టాలి. రోజూ కొన్ని కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. వసారాలో రాత్రిపూట లైట్లు వెలగాలి. నెలకోసారి ఒక మనిషి డాబా ఎక్కి ఫోటో తీసి పంపాలి. ముగ్గురూ ఒప్పుకున్నారు. ఏ వైపు తేలినా వాళ్లకు నష్టం లేనివి కాబట్టి ఒప్పుకున్నారేమో, ఏదైతేనేం, ఒప్పుకున్నారు.

శనివారం ప్లంబర్లు ఇద్దరు వచ్చారు. నేనూ వెళ్లాను, వెళ్లాల్సిన అవసరం లేకపోయినా. మూడో పైపులో అడ్డం చాలా లోతున ఉంది. పొడవాటి కర్రకు కొక్కెం కట్టి గంటసేపు కెలికారు. ఉన్నట్టుండి గుడగుడమని పెద్ద చప్పుడు, తొమ్మిది అంతస్తులూ దిగి కింద కాలవలో పడ్డ చప్పుడు పిట్టగోడ మీదికి వంగితే వినబడింది. సాయంత్రానికి నీళ్ల కింద నుంచి డాబా గచ్చు బయటపడింది. ఎరుపు, తెలుపు మొజాయిక్ ముక్కలు. అక్కడ అవి ఉన్నాయని మా ముగ్గురు యజమానుల్లో ఎవరికీ తెలియదు.

తొమ్మిదో అంతస్తు సీలింగులో చెమ్మ మరకలు పదిహేడు ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీసి, పక్కన తేదీ వేయించాను. మంచి వాన ఒకటి పడ్డాక వెళ్లి, తడి ఆ గీత దాటిందో లేదో చూడాలి.